కదిలితే ఒక తంటా, కదలకపోతే ఒక తంటా

రాజమండ్రి, మే 4

పొద్దున్నే కోనసీమ నుంచి కొబ్బరి రైతు ఒకాయన వచ్చారు. అన్నవాహిక క్యాన్సర్‌. మార్చిలో దారి తెరిచి ఉంచే జాలీ గొట్టం, అంటే స్టెంట్, వేశాం. నిన్న మధ్యాహ్నం నుంచి ఉమ్మి కూడా దిగటం లేదట. చేతిలో స్టీలు గ్లాసు పెట్టుకుని అందులో ఊస్తూ కూర్చున్నారు. కణితి లోపలికి పెరిగిందేమోనని నేను, స్టెంట్ జారిందేమోనని మా టెక్నీషియన్ అనుకున్నాం. రెండూ కాదు. ఎండోస్కోప్ దింపితే స్టెంట్ పై అంచు దగ్గర పచ్చటి పీచు, చుట్టలు చుట్టుకుని. మామిడి పీచు!

ఫోర్సెప్స్‌తో పట్టి లాగితే నాలుగేసి పోగులు ఊడి వస్తున్నాయి గానీ అసలు ఉండ కదలటం లేదు. జాలీ కన్నాల్లోకి దూరిన పోగుల్ని ఒక్కొక్కటే విడదీయాలి. గట్టిగా లాగితే స్టెంటే ఊడి వస్తుంది, బలంగా తోస్తే కింద ఏం చిరుగుతుందో తెలీదు. ముప్పావు గంట పట్టింది. మిగిలిన కాస్త గుజ్జు దానంతటదే కడుపులోకి జారింది. గ్లాసు పక్కన పెట్టి నీళ్లు తాగారు.

ఆయన భార్య బయట నించుని ఉన్నారు. "రసమే కదండీ పెట్టాను, ముక్క కూడా కాదు. మెత్తటివి పెట్టమన్నారు కదండీ."

ఆవిడ తప్పేం లేదు. చిన్న రసం మామిడి మెత్తగానే ఉంటుంది. మెత్తగా ఉండటం వేరు, పీచు లేకపోవటం వేరు అని ఆవిడకి ఎవరూ చెప్పలేదు. డిశ్చార్జి కాగితంలో ఉన్న ఆహారం వరస చూశాను. బ్రెడ్డు, స్టేక్, సెలరీ వద్దని ఉంది. ఎక్కడి నుంచి దించారో! గోదావరి జిల్లాల్లో సెలరీ వద్దని రాసిన కాగితం ఎవరికి పనికొస్తుంది?

మే 5

కొత్త కాగితం రాస్తున్నా, వంటింట్లోంచి మొదలుపెట్టి. వద్దన్నవి: రసాల మామిడి, మునక్కాయ, గోంగూర, తోటకూర కాడలు, కమలా తొన మీది పొర, వేటమాంసం, జొన్నరొట్టె, చపాతీ, టెంకతో ఉన్న ఆవకాయ ముక్క. గట్టిగా ఉడికిన కోడిగుడ్డు కూడా. ఇది చెబితే ఎవరూ నమ్మరు. నీరసంగా ఉన్న మనిషికి మొదట పెట్టేది అదే కదా. తెల్లసొన నలగదు, ముక్కలు ముక్కలుగా వెళ్లి అడ్డం పడుతుంది.

బంగినపల్లి గుజ్జు వడకట్టి ఇవ్వొచ్చు. జావ, పలచటి పప్పన్నం, పిసికిన పెరుగన్నం, సాంబారులో బాగా నానిన ఇడ్లీ. ముద్దకీ ముద్దకీ మధ్య గుక్కెడు నీళ్లు. తిన్నాక కాస్త సోడా. గోళీ సోడా అని రాస్తే సిస్టర్ నవ్వింది. బుడగలు జాలీలో ఇరుక్కున్న మెతుకుల్ని కదిలిస్తాయని ఎక్కడైనా చెప్పే సలహానే ఇది. గట్టి రుజువులేం లేవు గానీ, గోళీ సోడా కూడా మానేయమనటానికి మనసొప్పలేదు.

అన్నవాహిక అడుగున, కడుపు ముఖద్వారం దాటేలా స్టెంట్ వేసినవాళ్లకి ఇంకొక మాట ఉంది. తిన్నది పైకి రాకుండా మూసి ఉంచే కండరం అక్కడే ఉంటుంది. ఆ జాలీ దాన్ని రాత్రింబగళ్లు తెరిచి పడేస్తుంది. పడుకోగానే పులుపు గొంతులోకి వస్తుంది, నిద్రలో ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. యాసిడ్ తగ్గించే మాత్ర రోజూ వేసుకోవాలి, తిన్న వెంటనే పడుకోకూడదు, మంచం తలవైపు కోళ్ల కింద రెండేసి ఇటుకలు పెట్టాలి. దిండ్లు పెంచితే మెడ ఒంగుతుందే తప్ప ఛాతీ లేవదు.

మే 11

కంపెనీ అబ్బాయి వచ్చాడు, కొత్త రకం స్టెంట్ శాంపిల్‌తో. వాడి చేతిలో ఉన్నది చేపల బుట్టకి బుల్లి నమూనాలా ఉంది: సన్నని తీగల అల్లిక, రెండు చివర్లా వెడల్పు, మధ్యలో సన్నం. రెండు గ్లాసులు తెప్పించాడు, ఒకదాంట్లో ఐసు నీళ్లు, ఒకదాంట్లో గోరువెచ్చటివి. చల్లటి నీళ్లలో ముంచి నొక్కితే మెత్తగా నలిగిపోయింది. వెచ్చటి నీళ్లలో వేయగానే విచ్చుకుని తన ఆకారానికి వచ్చేసింది. ఎన్నిసార్లు చూసినా ముచ్చటే.

నిటినాల్. సగం నికెల్, సగం టైటానియం అనుకోవచ్చు. అమెరికా నౌకాదళం ప్రయోగశాలలో విలియం బ్యూలర్ క్షిపణి ముక్కుకి వేడి తట్టుకునే లోహం కోసం వెతుకుతూ దీన్ని పట్టుకున్నాడు. 1961లో ఒక సమావేశంలో, మడతలు పెట్టిన ఈ రేకుని బల్ల చుట్టూ చేతులు మారుస్తుంటే, డేవిడ్ మజీ అనే ఆయన తన లైటర్‌తో వేడి చేశాడట. మడతలన్నీ వాటంతటవే విప్పుకున్నాయి. క్షిపణి కోసం మొదలైన వెతుకులాట పెరుగన్నం దిగటానికి ఉపయోగపడుతోంది.

లోపల పెట్టిన వెంటనే పూర్తిగా తెరుచుకోదు. ఒకటి నుంచి మూడు రోజులు నెమ్మదిగా నెడుతూనే ఉంటుంది. మేలు చేసేది ఆ నెట్టుడే. ఛాతీలో నొప్పి, గోడ ఒరుసుకుపోవటం, ఒక్కోసారి చిల్లు పడటం, ఇవీ దాని వల్లే. నెట్టటం తగ్గించి చేస్తే నొప్పి తగ్గుతుంది, కానీ పట్టు ఉండదు, జారుతుంది.

"ఇది కదలదు మేడమ్, పైన పూర్తిగా కవరింగ్ ఉంది, కణితి కూడా లోపలికి రాదు," అన్నాడు అబ్బాయి.

ఆ రెండు మాటలూ ఒకదానికొకటి పడవు. తొడుగు లేని ఉట్టి జాలీ అయితే కణితి, చుట్టూ ఉన్న కండ కన్నాల్లోంచి లోపలికి పెరిగి దాన్ని గోడకి బిగించేస్తాయి, అందుకే కదలదు. కొన్నాళ్లకి దారి మూసేసేదీ ఆ కండే. సిలికాన్ తొడుగు వేస్తే కండ లోపలికి రాదు. పట్టు దొరకదు కాబట్టి జారుతుంది. సగం తొడిగి చివర్లు వదిలేసినవి రెండింటికీ మధ్య రాజీ. అంచుల దాకా వచ్చి పైనుంచి ఒరిగే కణితిని ఏదీ ఆపదు. ఇదంతా ఆ అబ్బాయికి తెలియక కాదు, నెల టార్గెట్ ఉంటుంది. టీ తాగి వెళ్లాడు.

మే 12

ఈ గొట్టాల కథ నిటినాల్ కంటే పాతది. 1924లో ఇంగ్లండులో హెన్రీ సౌటర్ అనే సర్జన్ జర్మన్ సిల్వర్ తీగని చుట్టలుగా చుట్టి గొట్టం చేసి క్యాన్సర్ రోగుల అన్నవాహికలో దించేవాడు. (జర్మన్ సిల్వర్‌లో వెండి ఉండదు, మన ఇళ్లలోనూ ఆ పేరు చూసి మోసపోయినవాళ్లున్నారు.) మరుసటి ఏడే గుండె కవాటంలోకి వేలు దూర్చి ఆపరేషన్ చేసిందీ ఈయనే. తర్వాత ప్లాస్టిక్ గొట్టాలు వచ్చాయి. బిగుసుకున్న దారిని ముందు బాగా సాగదీస్తే గానీ అవి దూరేవి కావు. అక్కడే చాలామందికి గోడ చిరిగేది.

1993లో జర్మన్ డాక్టర్లు నలభై ఇద్దరు రోగుల్లో ప్లాస్టిక్ గొట్టాన్నీ విచ్చుకునే లోహపు స్టెంట్‌నీ పోల్చి చూశారు. లోహానికి చిక్కులు బాగా తక్కువ వచ్చాయి. అప్పటి నుంచి ఇదే దారి. చిక్కులు పోయాయని కాదు. మొదటి రోజు చిక్కులు తగ్గి, మూడో నెల చిక్కులు మిగిలాయి. అప్పటికి రోగి ఇంటి దగ్గర ఉంటాడు, మన కళ్లెదుట ఉండడు.

మే 19

రాత్రి పదింటికి ఫోను. డెబ్బై ఏళ్ల రిటైర్డ్ మాస్టారు, నాలుగు రోజులుగా గాలి కూడా పోవటం లేదు, పొట్ట బిగుసుకుపోయి ఉంది. సీటీ స్కాన్‌లో పెద్దపేగు ఎడమవైపు కణితి, పైన పేగంతా ఉబ్బి ఉంది. కాలేయంలో మచ్చల్లేవు. అంటే నయం చేయగలిగిన క్యాన్సరే.

సర్జన్ గారికి ఆపరేషన్ ఇప్పుడే చేసేద్దామని ఉంది. నాకూ వాదించాలని లేదు. ఉబ్బిన పేగు మీద అర్ధరాత్రి ఆపరేషన్ అంటే పొట్ట మీద మలం పట్టే సంచి దాదాపు ఖాయం. ముందు స్టెంట్ వేసి, పేగు తేరుకున్నాక వారం పదిరోజులకి తీరిగ్గా కోస్తే సంచి తప్పే అవకాశం ఉంది. వినటానికి ఎంతో బాగుంటుంది. నెదర్లాండ్స్‌లో సరిగ్గా ఈ పోలికే 98 మందిలో మొదలుపెట్టి, స్టెంట్ వేసినవాళ్లలోనే ఇబ్బందులు ఎక్కువవుతున్నాయని మధ్యలోనే ఆపేశారు, 2011లో అచ్చయింది. కణితి దగ్గర పేగుకి చిల్లు పడితే మలం పొట్టలోకి వస్తుంది, దాంతోపాటు క్యాన్సర్ కణాలు కూడా. నయమయ్యే జబ్బుని నయం కాని జబ్బుగా మార్చుకున్నట్టు. తర్వాత బ్రిటన్‌లో 245 మందితో చేసిన పరిశీలన 2022లో వచ్చింది. అందులో అంత భయం కనిపించలేదు, సంచి అవసరమూ తగ్గింది. రెండూ నిజమే. ఎవరి చేయి, ఎలాంటి కణితి, ఎంత బిగుసుకుంది, వీటి మీద ఉంటుంది.

మాస్టారికి రెండూ చెప్పాం. ఆయన ఓపిగ్గా విన్నారు. "సంచి అంటే భయం లేదమ్మా. ఒంటరివాణ్ని, మా వంటావిడకి చెప్పుకోవాలంటేనే సిగ్గు," అన్నారు.

కణితి మెలిక తిరిగి ఉంది. స్టెంట్‌కి దారి చూపే తీగ రెండోసారికి గానీ దాటలేదు. ముందుగా బెలూన్‌తో సాగదీయలేదు, అలా చేస్తే చిల్లుపడే ముప్పు పెరుగుతుంది. స్టెంట్ వదలగానే అవతలి నుంచి ఒక్క ఉదుటున వచ్చేసింది: గాలి, నీళ్ల మలం, నా ఏప్రాన్, టెక్నీషియన్ బూట్లు. గదిలో ఉన్న అందరి మొహాలూ వెలిగిపోయాయి. ఆ కంపుకి సంతోషపడే ఉద్యోగం ఇదొక్కటేనేమో.

పొట్ట మీద చెయ్యి వేసి చూశాను, మెత్తబడుతోంది. రేపు ఎక్స్‌రే. నొప్పి పెరిగినా, జ్వరం వచ్చినా రాత్రైనా లేపమని డ్యూటీ సిస్టర్‌కి రాసిపెట్టాను. చిన్న చిల్లు మొదటి రోజు చప్పుడు చేయదు.

మే 30

మాస్టారికి ఆపరేషన్ అయింది. సంచి లేదు. తీసిన ముక్కలో కణితి మధ్యలోంచి స్టెంట్ కనిపిస్తోంది, తీగలు కండలోకి దిగిపోయి. సర్జన్ గారు ట్రేలో పెట్టి చూపించారు. ఇంకో నాలుగు రోజులు ఆగి ఉంటే ఆ తీగ ఎంత దూరం వెళ్లేదో ఇద్దరమూ పైకి అనుకోలేదు.

క్యాన్సర్ డాక్టరుకి ఒక చీటీ. వేరే రోగి గురించి: ఆవిడకి పెద్దపేగులో స్టెంట్ ఉంది, క్యాన్సర్ కాలేయానికి పాకింది కాబట్టి స్టెంట్‌ని అలాగే ఉంచేశారు. బెవసిజుమాబ్ మొదలుపెట్టాలనుకుంటున్నారని తెలిసింది. కొత్త రక్తనాళాలు పుట్టకుండా చేసే మందు అది. స్టెంట్ ఒరుసుకుంటున్న చోట పేగు మానదు, చిల్లు పడే ముప్పు పెరుగుతుంది. దయచేసి స్టెంట్ సంగతి ఫైలు మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయండి అని కోరాను.

జూన్ 6

ఎక్స్‌రేలో స్టెంట్ కడుపులో పడి ఉంది. ఛాతీలో ఉండాల్సింది. మనిషి మాత్రం హాయిగా ఉన్నాడు, ఉప్మా తిని వచ్చాడు!

కీమో, రేడియేషన్ బాగా పనిచేసి కణితి కరిగింది. పట్టుకోవటానికేమీ లేక జాలీ జారిపోయింది. జారటం ఒక్కోసారి శుభవార్తే. వాళ్లబ్బాయికి అలా చెబితే అనుమానంగా చూశాడు. "మరి కొత్తది వేయరా అండి?" దారి తెరుచుకుని ఉంటే ఎందుకు?

పాతదాన్ని తీయాలా, వదిలేయాలా అన్నది చిక్కు. కడుపులో ఏళ్ల తరబడి ఊరుకున్నవీ ఉన్నాయి, చిన్నపేగులోకి దిగి అడ్డంపడి పొట్ట కోయించినవీ ఉన్నాయి. తీసేశాం. పై అంచున లాగటానికి దారం ఉంటుంది. దాన్ని పట్టి లాగితే సంచి మూతి ముడిచినట్టు ముడుచుకుంటుంది. గొంతు దగ్గర మాత్రం ఊపిరి బిగబట్టాను. తీగ చివర్లు పదునుగా ఉంటాయి.

జూన్ 10

స్టెంట్ వేసి రెండో రోజు, ఒకావిడ నా చేయి వదలటం లేదు. "తీసెయ్యమ్మా, రొమ్ము చీలిపోతోంది." మొదటి మూడు రోజులు ఇలాగే ఉంటుందని ముందే చెప్పాం. చెప్పినంత మాత్రాన నొప్పి తగ్గదు. కణితి గొంతుకి మరీ దగ్గరగా ఉంది, అక్కడ ఇంకా ఎక్కువ. నొప్పి మందు పెంచాం. సాయంత్రానికి నిద్రపోయారు.

జూన్ 15

పాత పేపర్లు తీశాను. 2004లో నెదర్లాండ్స్‌లోనే 209 మంది అన్నవాహిక రోగుల మీద: సగంమందికి స్టెంట్, సగంమందికి లోపలి నుంచి ఒకే ఒక్కసారి రేడియేషన్. స్టెంట్ వేసినవాళ్లకి వెంటనే ముద్ద దిగింది. రేడియేషన్ వాళ్లకి ఆలస్యంగా దిగింది గానీ ఎక్కువ నెలలు దిగింది, చిక్కులూ తక్కువ. ఇరవై ఏళ్లు దాటింది ఈ మాట వచ్చి. అయినా మన దగ్గర మొదట గుర్తొచ్చేది స్టెంటే: ఒక్క పూట పని, ఇంటికి పంపేయొచ్చు. రేడియేషన్‌కి పెద్ద ఊరు వెళ్లాలి, బస ఉండాలి, తోడు ఉండాలి.

వారాల్లో ఉన్న మనిషికి స్టెంట్‌ని మించింది లేదు. నెలలు ఉన్న మనిషికీ అదే వేస్తున్నాం, అది నాకు నచ్చటం లేదు. ఆ మనిషి చిక్కుల దాకా బతుకుతాడు.

జూన్ 22

ఇరవై ఏళ్ల పిల్ల. బాత్రూం కడిగే యాసిడ్ తాగి ఏడాది దాటింది. ఆ సంగతి ఇప్పుడు ఎవరమూ ఎత్తం. అన్నవాహిక ముడుచుకుపోయింది, రెండు వారాలకోసారి బెలూన్‌తో సాగదీస్తున్నాం. వాళ్ల పిన్ని అడిగింది, "ఆ స్ప్రింగేదో వేసేయకూడదా అండి? ఈ తిరుగుడు తప్పుతుంది."

క్యాన్సర్ లేని అన్నవాహికలో ఉట్టి జాలీ వేయకూడదు. ఆ పిల్ల ముందు చాలా ఏళ్లున్నాయి. తీగల చివర్ల దగ్గర కొత్త కండ పెరిగి ఇంకో ఇరుకు తయారవుతుంది, తీద్దామంటే రాదు. అలా బిగుసుకున్నదాన్ని తీయటానికి ఒక ఉపాయం ఉంది: దాని లోపల పూర్తి తొడుగున్న ఇంకో స్టెంట్ వేసి పది పదిహేను రోజులు ఉంచితే, ఆ ఒత్తిడికి పెరిగిన కండ చచ్చిపోతుంది, అప్పుడు రెండూ కలిపి లాగేస్తారు. ముల్లుని ముల్లుతోనే తీయటం అంటారే, అది. కుట్లు వేసే కరిగిపోయే దారంతో అల్లిన స్టెంట్లూ ఉన్నాయి. మూడు నెలల్లోపు కరుగుతాయి. కరిగాక దారి మళ్లీ ముడుచుకోదని ఎవరూ హామీ ఇవ్వరు.

పిల్ల అంతా విని, "తిరుగుడే నయం మేడమ్. బస్సులో పాటలు వినొచ్చు," అంది.

జూన్ 29

కడుపు అడుగున, చిన్నపేగు మొదట్లో అడ్డం. తిన్నదంతా సాయంత్రానికి వాంతి. పాంక్రియాస్ క్యాన్సర్. స్టెంట్ వేయాలా, పొట్ట కోసి పేగుని కడుపుకి కలిపే బైపాస్ చేయాలా? స్టెంట్ వేస్తే రెండో రోజు తింటారు. బైపాస్ అయితే కోలుకోవటానికి సమయం పడుతుంది గానీ మళ్లీ మూసుకోవటం తక్కువ. రెండు నెలలు మించి బతుకుతారనుకుంటే ఆపరేషనే మేలని 2010లో వచ్చిన లెక్క. ఆ రెండు నెలల అంచనా ఎవరు వేస్తారు? నేనే వేయాలి, మనిషి మంచం మీద ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో చూసి.

ఇక్కడింకో మెలిక: పసరు నాళం తెరుచుకునే చోటు కూడా అక్కడే. పేగులో జాలీ వేస్తే ఆ నోరు దాని వెనక పడుతుంది. తర్వాత కామెర్లు వస్తే లోపలికి దారి దొరకదు. అందుకని ముందు పసరు నాళంలో స్టెంట్ వేసి, ఆ తర్వాత పేగులో వేశాం.

జూలై 3

రక్తపు వాంతితో ఒకాయన్ని తెచ్చారు. అయిదు నెలల కిందటి స్టెంట్. ఎండోస్కోపీ బల్ల దాకా రాలేదు. పక్కనే గుండె నుంచి వచ్చే పెద్ద రక్తనాళం ఉంటుంది. కణితి తొలిచిందో, తీగ తొలిచిందో చెప్పలేను. వాళ్లావిడ అడిగింది, "ఆ గొట్టం వల్లేనా అమ్మా?" అయి ఉండొచ్చు అన్నాను. అది వేయకపోతే ఈ అయిదు నెలలూ తిండి లేదని కూడా అన్నాను. ఆవిడ తలూపి, ఆ అయిదు నెలల్లో మనవరాలి అన్నప్రాసన అయిందని చెప్పింది.

జూలై 8

వేసేముందు చెప్పే మాటలు మార్చాను. "చిన్న ప్రొసీజరు, భయం లేదు" తీసేశాను. ఇప్పుడు చెప్పేది: ఇది రోగాన్ని తగ్గించదు, దారి తెరుస్తుంది. మూడు రోజులు నొప్పి. తర్వాత జారొచ్చు, మూసుకోవచ్చు, అన్నం అడ్డం పడొచ్చు. ఈ మూడింటికీ మళ్లీ రావాలి, చాలావరకు సరిచేయొచ్చు. చిల్లు, రక్తం: అరుదు, కానీ ప్రాణం మీదికి వస్తుంది. ఉమ్మి దిగకపోతే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంట్లో వంట చేసేవాళ్లని తీసుకొచ్చాకే సంతకం.

చివరి షరతుకి ఆఫీసువాళ్లు గొణిగారు. ఆలస్యమవుతుందట.

జూలై 16

గోదావరికి ఎర్రనీళ్లు వచ్చాయి. ఓపీలో తాతగారొకరు, కణితి అంచు దాటి పెరిగితే పోయిన వారమే మొదటి స్టెంట్ పైన రెండోది వేశాం. పరీక్ష అయ్యాక లేవరే! కొడుకు బయటికి వెళ్లేదాకా ఆగి, గొంతు తగ్గించి అడిగారు.

"పులస తినొచ్చాండీ?"

"ముళ్లు. వద్దు."

"ముళ్లు మా కోడలు తీసి పెడుతుందండీ."

"పులసలో ముళ్లన్నీ తీయగలిగిన కోడలు ఇంకా పుట్టలేదు తాతగారూ. పులుసు వరకైతే సరే. వడకట్టి, అన్నం మెత్తగా పిసికి, అందులో కలుపుకోండి."

"అంత డబ్బు పోసి కొని పులుసు తాగటమాండీ!" కాసేపు ఆలోచించారు. "చేప మావాడు తింటాడు లెండి. పులుసు నాది. కాగితం మీద రాసివ్వండి, లేకపోతే అది కూడా పెట్టరు."

ప్రిస్క్రిప్షన్ మీద యాసిడ్ మాత్ర కింద రాసిచ్చాను: పులస పులుసు, వడకట్టి, రెండు గరిటెలు.